మొదటి కారు ఎవరిది, మొదటి చలానా ఎవరికి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి స్కూల్ పుస్తకంలో మొదటి కారు కార్ల్ బెంజ్ తయారుచేశాడని ఉంది. గ్రూప్స్ కోసం మా తమ్ముడు చదివే పుస్తకంలో కునో అనే ఫ్రెంచ్ ఆయన 1769లోనే చేశాడని ఉంది. ఇంట్లో ఒకటే వాదన. ఏది కరెక్టో చెప్పి పుణ్యం కట్టుకోండి.
(ఒక పాఠకురాలు, మలక్‌పేట)

జవాబు: రెండూ కరెక్టేనమ్మా. ఆ రెండు పుస్తకాలూ రెండు వేరు వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయి, చిక్కంతా అక్కడే.

గుర్రాలూ ఎద్దులూ లేకుండా మనుషుల్ని, బరువుల్ని మోస్తూ తనంతట తాను రోడ్డు మీద కదిలిన మొదటి బండి ఏది అంటే, నికోలా జోసెఫ్ కునోదే. ఆయన ఫ్రెంచ్ సైన్యంలో ఇంజనీరు. ఫిరంగులు లాగడానికని ఆవిరితో నడిచే మూడు చక్రాల బండిని 1769లో చిన్న సైజులో చేసి చూశాడు, మరుసటి ఏడాది పూర్తి సైజు బండి కట్టాడు. బాయిలర్ మొత్తం ముందు చక్రానికి ఇంకా ముందు వేలాడుతూ ఉంటుంది, అంత బరువు మీద ఉన్న చక్రాన్ని పక్కకి తిప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి. వేగం గంటకు సుమారు 4 కిలోమీటర్లు, అంటే మనిషి నడక. అదీ కాసేపే, తర్వాత ఆగి మళ్లీ ఆవిరి పట్టేదాకా కాచుకోవాలి. సైన్యం ఆ పనిని మధ్యలో వదిలేసింది కానీ బండి మాత్రం ఇప్పటికీ ఉంది, ప్యారిస్‌లోని ఆర్ ఎ మెతియె మ్యూజియంలో చూడొచ్చు.

పెట్రోలు ఇంజన్‌తో నడిచి, పేటెంట్ తీసుకుని, జనానికి అమ్మిన మొదటి కారు ఏది అంటే బెంజ్‌దే. 1886 జనవరి 29న జర్మనీలో వేసిన ఆ పేటెంట్ నంబరు 37435. దానికీ మూడే చక్రాలు, ఒకటే సిలిండర్, 954 సీసీ, పవర్ మాత్రం ముప్పావు హార్స్‌పవర్. ఇవాళ మన గల్లీలో తిరిగే 110 సీసీ స్కూటర్ దానికి పది రెట్ల పవర్ ఇస్తుంది. అయినా నేను బెంజ్‌కే ఎక్కువ మార్కులు వేస్తాను. ఎందుకంటే అదే 1886లో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కూడా నాలుగు చక్రాల మోటారు బండి నడిపారు గానీ, వాళ్లు గుర్రపు బగ్గీ ఒకటి ఆర్డర్ ఇచ్చి తెప్పించి దానిలో ఇంజన్ బిగించారు. బెంజ్ అలా చేయలేదు, ఫ్రేము, ఇంజన్, చక్రాలు, స్టీరింగ్ అన్నీ ఒకదాని కోసం ఒకటిగా మొదటి నుంచీ ఆలోచించి కట్టాడు. ఇక వీళ్లందరికీ ఆధారమైన నాలుగు స్ట్రోకుల ఇంజన్ నికోలస్ ఆటో 1876లో చేసినది, ఆయన లేకపోతే వీళ్లెవరూ లేరు.

ఇంకొక పేరు కూడా మీ అమ్మాయికి చెప్పండి, జీగ్‌ఫ్రీడ్ మార్కస్. వియన్నాలో ఉండేవాడు, పెట్రోలు బండ్ల మీద చాలా ముందు నుంచే ప్రయోగాలు చేశాడు. ఆయన కారు ఇప్పటికీ వియన్నా టెక్నికల్ మ్యూజియంలో ఉంది. దాన్ని చాలా కాలం 1875 నాటిదని అనుకునేవారు, తర్వాతి పరిశోధనలో 1888-89 నాటిదని తేలింది కాబట్టి మొదటి కారు అన్న పేరు దానికి దక్కదు. ఆయన యూదుడు కావడం వల్ల 1940లో నాజీ ప్రభుత్వం ఎన్‌సైక్లోపీడియాల్లోంచి ఆయన పేరు తీసేసి డైమ్లర్, బెంజ్‌ల పేర్లు పెట్టమని ఆదేశించింది. తారీకు తేలక వెనకబడటం వేరు, పుట్టుకని బట్టి పేరు చెరిపేయడం వేరు. రెండోది ఘోరం.

పరీక్షలో మాత్రం ప్రశ్న జాగ్రత్తగా చదవమనండి. ‘పెట్రోలు కారు’ అంటే బెంజ్, ‘తనంతట తాను నడిచే వాహనం’ అంటే కునో.

ప్రశ్న: బెంజ్ భార్య ఆయనకు చెప్పకుండా కారు తీసుకుని వెళ్లిపోయిందని ఒక వీడియోలో చూశాను. నిజమేనా, లేక కల్పించి చెబుతున్నారా?
(ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి)

జవాబు: నిజం. కార్ల చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి.

పేటెంట్ వచ్చి రెండేళ్లయినా ఆ బండిని కొనేవాళ్లు లేరు. జనం భయపడ్డారు, ఇది వాళ్ల ఊరు మన్‌హైమ్ వీధుల్లో తిరిగే వింత ఆటబొమ్మ అనుకున్నారు. కార్ల్ మంచి ఇంజనీరే గానీ తన సరుకు గురించి నలుగురికీ చెప్పుకునే మనిషి కాదు. ఆయన భార్య బెర్తా అలా కాదు, పైగా ఆమె డబ్బు కూడా అందులో ఉంది. పెళ్లికి ముందే తన కట్నం డబ్బు ముందుగా ఇప్పించి కార్ల్ వర్క్‌షాపును నిలబెట్టింది ఆవిడే. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున భర్త నిద్ర లేవకముందే టీనేజీలో ఉన్న ఇద్దరు కొడుకులు ఓయ్‌గెన్, రిచర్డ్‌లను వెంటబెట్టుకుని పుట్టింటికి బయలుదేరింది. పుట్టిల్లు ఫోర్ట్స్‌హైమ్‌లో, సుమారు 105 కిలోమీటర్ల దూరం. మనకి హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ అనుకోండి. అప్పటిదాకా పెట్రోలు బండి మీద ఎవరూ అంత దూరం వెళ్లలేదు, ఊళ్లో కాస్త తిప్పి మళ్లీ షెడ్డులో పెట్టడమే.

దారిలో బంకులు ఎక్కడివి? కార్బురేటర్‌లో పట్టేదే నాలుగున్నర లీటర్లు. వీస్‌లోక్ అనే ఊళ్లో మందుల షాపుకి వెళ్లి మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ అనే ద్రావకం కొన్నది, అదే ఆ ఇంజన్‌కి ఇంధనం. అందుకే ఆ మందుల షాపును ప్రపంచంలో మొదటి పెట్రోల్ బంకు అంటారు. ఇంధనం వచ్చే గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పొడవాటి పిన్నుతో పొడిచి బాగుచేసింది. కరెంటు వైరు రాసుకుని షార్ట్ అవుతుంటే మేజోళ్లకి కట్టుకునే పట్టీ తీసి దానికి చుట్టింది. చెయిను తెగే పరిస్థితి వస్తే కమ్మరి దగ్గర సరిచేయించింది. ఎత్తు ఎక్కలేక బండి ఆగినచోట పిల్లలు దిగి తోశారు. దిగేటప్పుడు బ్రేకుల చెక్కలు అరిగిపోతుంటే దారిలో చెప్పులు కుట్టే ఆయన చేత వాటికి తోలు కొట్టించింది, బ్రేక్ లైనింగ్ అనే ఆలోచన అక్కడ మొదలైంది. నీళ్లు ఆవిరైపోతూ ఇంజన్ చల్లబడే పద్ధతి కాబట్టి కనపడిన ప్రతి చోటా ఆగి నీళ్లు పోసుకోవాల్సి వచ్చింది. చీకటి పడ్డాక చేరి, క్షేమంగా వచ్చామని కార్ల్‌కి టెలిగ్రామ్ ఇచ్చింది. కొన్ని రోజుల తర్వాత అదే బండిలో తిరిగి వచ్చింది.

దీన్ని ‘భార్య సాహసం’ అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు, నాకు అది నచ్చదు. ఇవాళ కంపెనీలు కొత్త మోడల్‌ని లడఖ్‌కీ రాజస్థాన్‌కీ పంపించి చేయిస్తున్న రోడ్ టెస్ట్ ఉంది చూశారా, దానిని మొదటిసారి చేసిన మనిషి ఆవిడ. ఎక్కడ ఏ భాగం ఇబ్బంది పెట్టిందో భర్తకి చెప్పింది, ఎత్తులు ఎక్కడానికి ఇంకో గేరు కావాలంది, ఆయన అది పెట్టాడు. ఆ తర్వాతే బండి పేరు ఊరూరా తెలిసి అమ్మకాలు మొదలయ్యాయి. బెర్తా 1944లో తొంభై ఐదో పుట్టినరోజు జరిగిన రెండు రోజులకి కన్నుమూసింది. ఆమె వెళ్లిన దారిని 2008 నుంచి జర్మనీలో అధికారికంగా బెర్తా బెంజ్ స్మారక మార్గం అంటున్నారు, బోర్డులు కూడా పెట్టారు.

ప్రశ్న: మెర్సిడెస్ అనేది నిజంగా ఒక అమ్మాయి పేరా?
(ఇంటర్ విద్యార్థి, ఉప్పల్)

జవాబు: అవును. ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి కూతురి పేరు. ఆయన డైమ్లర్ కంపెనీ కార్లు పెద్ద సంఖ్యలో కొని ధనవంతులకు అమ్మేవాడు, రేసుల్లో కూతురి పేరు పెట్టుకుని దిగేవాడు. మేబాక్ ఆయన కోసం డిజైన్ చేసిన 35 హార్స్‌పవర్ కారు 1901లో నీస్ రేసుల్లో అందరినీ ఓడించింది. దాంతో కారుకీ ఆ పేరే స్థిరపడింది. పేరు కంటే ఆ కారు ముఖ్యం బాబూ. తేనెపట్టు లాంటి రేడియేటర్, ప్రెస్ చేసిన స్టీలు ఫ్రేము, కిందకి దించిన ఇంజన్, ముందు, వెనక చక్రాల మధ్య ఎక్కువ దూరం అన్నీ కలిసి గుర్రబ్బండి పోలిక పోయి ఈనాటి కారు ఆకారం వచ్చింది దానితోనే. డైమ్లర్, బెంజ్ కంపెనీలు కలిసింది మాత్రం 1926లో.

ప్రశ్న: ఈ మధ్యే ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాను. మా ఆఫీసులో అందరూ ‘కొత్త టెక్నాలజీ, ఇంకా నమ్మలేం’ అంటున్నారు. ఇది నిజంగా అంత కొత్తదా?
(ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి)

జవాబు: మీ కారులోని బ్యాటరీ కొత్తది, ఆలోచన మాత్రం పెట్రోలు కారు కంటే పాతది. గుస్తావ్ త్రూవే అనే ఆయన 1881లోనే ప్యారిస్‌లో మూడు చక్రాల ఎలక్ట్రిక్ బండి నడిపాడు, అంటే బెంజ్ పేటెంట్‌కి ఐదేళ్ల ముందు. మళ్లీ చార్జ్ చేసుకునే లెడ్ బ్యాటరీని గాస్తోన్ ప్లాంతే 1859లో కనిపెట్టడం, 1881లో కామీ ఫోర్ దాన్ని మెరుగుచేయడం వల్లే ఇది కుదిరింది.

వేగం సంగతి కూడా చూడండి. మొదటిసారి అధికారికంగా లెక్కపెట్టిన కారు వేగం రికార్డు 1898లో ప్యారిస్ దగ్గర, గంటకు 63.15 కిలోమీటర్లు, అది ఎలక్ట్రిక్ కారుదే. గంటకు 100 కిలోమీటర్లు దాటిన మొదటి కారూ ఎలక్ట్రిక్కే. బెల్జియం వాడైన కామీ జెనాత్జీ 1899లో టార్పెడో ఆకారంలో ఉన్న బండి మీద 105.88 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. బండి కోసుగా ఉంటుంది గానీ ఆయన పైన నిటారుగా కూర్చున్న ఫొటోలు చూస్తే గాలి మొత్తం ఆయన గుండెకే తగిలి ఉంటుందనిపిస్తుంది. 1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో ఆవిరివి 1,681, ఎలక్ట్రిక్‌వి 1,575, పెట్రోలువి 936 మాత్రమే. న్యూయార్క్, లండన్ నగరాల్లో 1897లోనే ఎలక్ట్రిక్ టాక్సీలు తిరిగాయి. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా కూడా ఎలక్ట్రిక్ కారే నడిపేది.

మరి ఎందుకు ఓడిపోయాయి? ఒక్క కారణం కాదు. టెక్సస్‌లో 1901లో భారీగా చమురు పడి పెట్రోలు చౌక అయింది. ఊళ్ల మధ్య రోడ్లు బాగుపడ్డాక జనానికి దూరం వెళ్లాలనే కోరిక పెరిగింది, బ్యాటరీ అంత దూరం రాదు, పల్లెల్లో చార్జింగ్‌కి కరెంటే లేదు. ఫోర్డ్ మోడల్ టి ధర ఏటేటా పడిపోతుంటే ఎలక్ట్రిక్ కారు ధర దానికి రెండు మూడు రెట్లు ఉండేది. చివరి దెబ్బ సెల్ఫ్ స్టార్టర్, దాని గురించి కింద రాణిగంజ్ పెద్దాయనకు రాసిన జవాబు చదవండి. అప్పట్లో రేంజ్, చార్జింగ్, ధర ఈ మూడే సమస్యలు. మీ ఆఫీసు వాళ్లు ఇవాళ అడుగుతున్నవీ ఆ మూడే కదా, కాబట్టి వాళ్ల అనుమానాన్ని కొట్టిపారేయకండి, కాకపోతే ‘కొత్తది’ అన్న మాట మాత్రం ఒప్పుకోవద్దు.

హైబ్రిడ్ కూడా పాతదే. ఫెర్డినాండ్ పోర్షె పాతికేళ్ల వయసులో, 1900లో, వియన్నాలోని లోనర్ కంపెనీలో పనిచేస్తూ చక్రాల హబ్బుల్లోనే మోటార్లు పెట్టి, పెట్రోలు ఇంజన్‌తో కరెంటు పుట్టించి నడిచే కారు చేశాడు.

ప్రశ్న: నేను పాత మెకానిక్‌ని. చిన్నప్పుడు లారీలకి, అంబాసిడర్లకి హ్యాండిల్ వేసి తిప్పి స్టార్ట్ చేసేవాళ్లం. మా ఉస్తాద్ ‘బొటనవేలు హ్యాండిల్‌కి అవతలి వైపు పెడితే చెయ్యి విరుగుతుంది’ అని కొట్టి మరీ నేర్పాడు. సెల్ఫ్ ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు?
(ఒక పాఠకుడు, రాణిగంజ్)

జవాబు: మీ ఉస్తాద్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కుర్ర పాఠకుల కోసం కారణం కూడా రాస్తాను. ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు పిస్టన్ పైకి చేరేలోపే కాస్త ముందుగా స్పార్క్ రావాలి, అప్పుడే పూర్తి బలం వస్తుంది. చేత్తో తిప్పేటప్పుడు వేగం ఉండదు, అప్పుడు కూడా స్పార్క్ ముందుగా వస్తే మండిన గ్యాసు పిస్టన్‌ని వచ్చిన దారినే వెనక్కి తోసేస్తుంది, హ్యాండిల్ ఒక్కసారిగా ఉల్టా తిరిగి తంతుంది. బొటనవేలు కూడా మిగతా నాలుగు వేళ్ల వైపే ఉంటే హ్యాండిల్ చేతిలోంచి జారిపోతుంది. చుట్టి పట్టుకుంటే వేలో మణికట్టో పోతుంది. అందుకే స్టీరింగ్ దగ్గర ఉండే లివర్‌తో ముందు స్పార్క్ ఆలస్యంగా వచ్చేలా పెట్టుకుని, కింద నుంచి పైకి లాగేలా తిప్పేవాళ్లు. అప్పటి డాక్టర్లకి ఈ మణికట్టు విరుగుళ్లు బాగా అలవాటైన కేసు.

దీనికి మందు కనిపెట్టింది చార్లెస్ కెటరింగ్. ఆయన అంతకుముందు క్యాష్ రిజిస్టర్లు తయారుచేసే కంపెనీలో పనిచేస్తూ చేత్తో తిప్పే క్యాష్ రిజిస్టర్‌కి కరెంటు మోటారు పెట్టాడు. అక్కడే ఒక సంగతి పట్టుకున్నాడు. ఒక్క క్షణం పనిచేసి ఆగిపోయే మోటారుకి, రోజంతా తిరిగే మోటారు అంత సైజు అక్కర్లేదు, చిన్న మోటారుకే కాసేపు ఎక్కువ కరెంటు ఇస్తే కాలిపోకుండా పని అయిపోతుంది. కారు ఇంజన్‌ని తిప్పాలంటే ఇంజన్ అంత మోటారు కావాలని అప్పటి పెద్ద ఇంజనీర్లు అనుకుంటున్న రోజుల్లో ఈయన ఆ లెక్కని కారుకి పట్టుకొచ్చాడు. 1911లో చేసి చూపించాడు, 1912 మోడల్ క్యాడిలాక్ కారులో వచ్చేసింది. అదే మోటారు ఇంజన్ అందుకున్నాక డైనమోగా మారి బ్యాటరీని చార్జ్ చేసేది, ఆ కరెంటుతోనే లైట్లు, ఇగ్నిషన్. అంటే సెల్ఫ్‌తో పాటు కారులో పూర్తి కరెంటు వ్యవస్థ వచ్చింది. పైన అడిగిన గచ్చిబౌలి మిత్రుడికి జవాబు ఇదే. పెట్రోలు కారుకున్న పెద్ద బాధ పోయింది, ఎలక్ట్రిక్ కారుకున్న పెద్ద సుఖం దీనికీ వచ్చింది.

ప్రశ్న: వైపర్ కనిపెట్టింది ఒక ఆడమనిషి అంటే మా వాళ్లు నమ్మడం లేదు.
(ఒక పాఠకురాలు, బోయిన్‌పల్లి)

జవాబు: నమ్మమనండి. అమెరికాలో అలబామాకి చెందిన మేరీ ఆండర్సన్. చలికాలంలో న్యూయార్క్ వెళ్లినప్పుడు ట్రాము డ్రైవరు మంచు పడి ఏమీ కనపడక ముందు అద్దం తెరిచి, ఆ చలిగాలి మొహాన కొడుతుంటే నడపడం చూసింది. లోపల ఒక లివర్, బయట రబ్బరు బిగించిన ఒక చెయ్యి, లివర్ తిప్పితే అద్దం తుడుస్తుంది. 1903 నవంబర్ 10న పేటెంట్ వచ్చింది, నంబరు 743801. తర్వాత ఒక కెనడా కంపెనీకి అమ్మబోతే దీనికి వ్యాపార విలువ లేదని తిప్పి పంపారు. 1920లో పేటెంట్ గడువు తీరిపోయింది, ఆ వెంటనే అన్ని కార్లకీ వైపర్లు రావడం మొదలైంది. ఆమెకి దాని మీద ఒక్క పైసా రాలేదు. వానాకాలంలో ఖైరతాబాద్ ఫ్లైఓవర్ మీద వైపర్ లేకుండా పది అడుగులు నడిపి చూస్తే ఆ కంపెనీ వాళ్లు ఎంత తప్పు చేశారో తెలుస్తుంది.

ప్రశ్న: ఓఆర్‌ఆర్ మీద స్పీడ్ కెమెరాకి దొరికి చలానా వచ్చింది. అసలు ప్రపంచంలో మొదటి స్పీడ్ చలానా ఎవరికి పడింది?
(ఒక పాఠకుడు, శంషాబాద్)

జవాబు: ఇంగ్లండ్‌లో కెంట్ జిల్లా, పాడక్ వుడ్ అనే ఊరు, 1896 జనవరి 28. వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన గంటకు 8 మైళ్ల వేగంతో, అంటే సుమారు 13 కిలోమీటర్లతో వెళ్తుంటే కానిస్టేబుల్ సైకిల్ తొక్కుకుంటూ 5 మైళ్లు వెంటపడి పట్టుకున్నాడు. అక్కడి పరిమితి గంటకు 2 మైళ్లు. వేగానికి పడిన జరిమానా ఒక్క షిల్లింగు, ఖర్చులు వేరు. ఆర్నాల్డ్ బెంజ్ కార్లు అమ్మేవాడు కాబట్టి ఊళ్లో ఆయన బండికి మంచి ప్రచారమే జరిగి ఉంటుంది.

ఆ పరిమితి వెనక ఉన్న చట్టం 1865 నాటిది. మోటారు బండి ముందు ఒక మనిషి ఎర్ర జెండా పట్టుకుని 60 గజాల దూరంలో నడవాలి. తర్వాత జెండా తీసేశారు, మనిషి నడవడం మాత్రం ఉంచారు. 1896 నవంబరులో ఆ నియమం కూడా ఎత్తేసి వేగం 14 మైళ్లకి పెంచారు. ఆ సంతోషంలో లండన్ నుంచి బ్రైటన్‌కి కార్ల ఊరేగింపు తీశారు, ఇప్పటికీ ఏటా నవంబరులో పాత కార్లతో అది జరుగుతోంది.

అయితే ఆ నియమాలన్నీ పిచ్చివని కొట్టిపారేయకండి. 1869లో ఐర్లండ్‌లో మేరీ వార్డ్ అనే శాస్త్రవేత్త బంధువుల ఆవిరి కారులోంచి మలుపు దగ్గర కింద పడి, చక్రం కింద నలిగి చనిపోయింది. మోటారు వాహనం వల్ల పోయిన మొదటి ప్రాణంగా ఆమెనే చెబుతారు. మైక్రోస్కోపు మీద పుస్తకాలు రాసి, బొమ్మలు గీసిన మనిషి, 42 ఏళ్లే. చలానా కట్టేసి, ఆ రోడ్డు మీద నిదానంగా వెళ్లండి.

ప్రశ్న: చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూశాం. దాని కథ చెప్పండి.
(ఒక కుటుంబం, చార్మినార్ దగ్గరి నుంచి)

జవాబు: అది సిల్వర్ ఘోస్ట్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చినది. ఆయన 1911 ఆగస్టులో పోయారు, కారు తయారై ఇక్కడికి వచ్చేసరికి ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె మీద ఉన్నారు. ఊరేగింపుల్లాంటి సందర్భాలకే బయటికి తీసేవారు కాబట్టి తిరిగింది చాలా తక్కువ. వెనక సీటు సింహాసనంలాగా ఎత్తుగా ఉంటుంది, అందరికీ నిజాం కనపడాలి కదా.

మీరు ఆ కారు దగ్గర నిలబడి గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. అప్పట్లో రోల్స్ రాయిస్ వాళ్లు అమ్మింది ఇంజన్, ఫ్రేము, చక్రాలు మాత్రమే. పైన కనిపించే బాడీ అంతా వేరే వాళ్లు కట్టేవారు, దీనికి కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ, అంతకుముందు గుర్రపు బగ్గీలు చేసిన వాళ్లు. అందుకే ఆ కాలపు రెండు సిల్వర్ ఘోస్టులు పక్కపక్కన పెడితే ఒకటి ఇంకొకదాని పోలికలో ఉండదు. లోపల ఆరు సిలిండర్లు, 7 లీటర్లకు పైన ఇంజన్. 1907లో ఈ మోడల్‌ని పరీక్షకని ఇంగ్లండ్, స్కాట్లండ్ మధ్య తిప్పుతూ దాదాపు 15,000 మైళ్లు నడిపారు, దాంతోనే ఆ కంపెనీకి ప్రపంచంలో అంత పేరు వచ్చింది.

రాజుగారి కారు చూశాక సామాన్యుల బండి గురించి కూడా తెలుసుకోండి. 1932లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టింది, మన ఆర్టీసీకి మూలం అదే. మన బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరులోంచి వచ్చిందని సిటీలో పెద్దలు చెబుతారు. నా వరకు ఆ పసుపు కారు కంటే ఈ 27 బస్సులే గొప్ప.

ప్రశ్న: మాది బెజవాడ, ఇప్పుడు మియాపూర్‌లో ఉంటున్నాం. మొదటివన్నీ జర్మనీ, అమెరికాలవేనా? మనవైపు ఏమీ లేవా?
(ఒక పాఠకుడు)

జవాబు: ఉంది, అదీ మీ ఊరిదే. మద్రాసులో సింప్సన్ కంపెనీ గుర్రపు బగ్గీలు, రైలు పెట్టెలు కట్టేది. అక్కడ పనిచేసిన శామ్యూల్ జాన్ గ్రీన్ అనే ఇంజనీరు 1903లో ఆవిరి కారు తయారుచేశాడు, భారతదేశంలో కట్టిన మొదటి ఆవిరి కారుగా దాన్నే చెబుతారు. రెండేళ్లకి, 1905లో, ఆ కంపెనీ కట్టిన ఆవిరి బస్సు బెజవాడ, మచిలీపట్నం మధ్య తిరిగింది. కృష్ణా డెల్టా రోడ్డు మీద బొగ్గు పొగతో బస్సు పోయిందన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నా కోరిక.

ప్రశ్న: డ్రైవింగ్ స్కూల్లో చేరాను. క్లచ్ ఎడమ, బ్రేకు మధ్య, యాక్సిలరేటర్ కుడి అని ఎవరు నిర్ణయించారు?
(ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: ఈ వరస మొదట చక్కగా కనిపించింది 1916 క్యాడిలాక్ టైప్ 53లో, దాన్ని సామాన్యుల దాకా తీసుకెళ్లింది 1922లో వచ్చిన చిన్న కారు ఆస్టిన్ సెవెన్. అంతకుముందు ఎవరి ఇష్టం వారిది. ఆ రోజుల్లోని బెంట్లీ కార్లలో యాక్సిలరేటర్ మధ్యలో ఉండేది. ఇక ఫోర్డ్ మోడల్ టిలో అయితే ఎడమ పెడల్ గేరుకి, మధ్యది రివర్సుకి, కుడిది బ్రేకుకి, యాక్సిలరేటర్ కాలికి లేనే లేదు, స్టీరింగ్ కింద చేతి లివర్. మీరు ఇప్పుడు నేర్చుకుంటున్న అలవాటుతో మోడల్ టి ఎక్కి, కంగారులో మధ్య పెడల్ తొక్కితే బండి వెనక్కి పోతుంది. స్టీరింగ్ చక్రం కూడా మొదటి నుంచీ లేదు, బెంజ్ బండికి ఉన్నది చేత్తో తిప్పే ఒక కడ్డీ. 1894 ప్యారిస్-రూఆన్ పోటీలో ఆల్ఫ్రెడ్ వాషెరాన్ తన పానార్ కారుకి చక్రం బిగించి దిగాడు.

ప్రశ్న: మోడల్ టి నల్ల రంగులోనే ఎందుకు వచ్చింది? ఆ కారు ఘాట్ రోడ్డు రివర్సులో ఎక్కేదని మా సార్ చెప్పారు, అది నిజమా?
(మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థి, ఇబ్రహీంపట్నం)

జవాబు: మొదట్లో నలుపు లేదు. 1908 అక్టోబర్ 1న వచ్చినప్పుడు బూడిద, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో అమ్మారు. 1914 నుంచి 1925 దాకా మాత్రం నలుపు ఒక్కటే, ఎందుకంటే నల్ల పెయింటు చౌక, గట్టిగా నిలుస్తుంది, పైగా ఒకే రంగు అయితే లైను ఆగదు. ఆ లైను సంగతే అసలు కథ. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో మనుషులు కారు చుట్టూ తిరగడం మానేసి, కారునే మనుషుల ముందుకి కదిలించారు. మొదట చాసీకి తాడు కట్టి లాగారు, తర్వాత చెయిను పెట్టారు. చాసీ బిగింపుకి పన్నెండున్నర గంటలు పట్టేది కాస్తా 1914కి 93 నిమిషాలకు దిగింది. చికాగో మాంసం ఫ్యాక్టరీల్లో పైనుంచి వేలాడే గొలుసుల మీద జంతువు కదులుతూ పోతుంటే ఒక్కొక్కరూ ఒక్కో ముక్క కోసేవారు, ఫోర్డ్ మనుషులు దాన్ని చూసి తిరగేశారు.

అయితే ఆ పని ఎంత విసుగంటే, చేరినవాళ్లు చేరినట్టే మానేసేవారు. 1914 జనవరిలో ఫోర్డ్ ఎనిమిది గంటల పనికి రోజుకి 5 డాలర్లు అని ప్రకటించడానికి ముఖ్య కారణం అది. దయాగుణం అని రాసే పుస్తకాలు ఉన్నాయి, నేను ఒప్పుకోను. మొత్తం మీద 1927లో ఆపేసేనాటికి కోటీ 50 లక్షలకు పైగా కార్లు వచ్చాయి, 850 డాలర్లతో మొదలైన కారు ధర 300 డాలర్ల లోపుకి దిగింది. లైను మీద కార్లు గుంపుగా తయారుచేయడం అన్నది మాత్రం ఫోర్డ్ కంటే ముందే, 1901లో ర్యాన్సమ్ ఓల్డ్స్ మొదలుపెట్టాడు, కదిలే లైను ఫోర్డ్‌ది.

మీ సార్ చెప్పింది నిజమే. మోడల్ టిలో పెట్రోలు పంపు లేదు. ట్యాంకు సీటు కింద ఉంటుంది, పెట్రోలు తన బరువుకి తానే కిందకి జారి ఇంజన్‌కి చేరాలి. బాగా ఎత్తు ఎక్కుతున్నప్పుడు బండి ముక్కు పైకి లేస్తుంది, ట్యాంకు కంటే కార్బురేటరే ఎత్తులోకి వెళ్లిపోతుంది, ట్యాంకులో పెట్రోలు తక్కువ ఉంటే ఇంజన్ ఆగిపోతుంది. బండి తిప్పి వెనక్కి ఎక్కిస్తే ట్యాంకు పైకి వస్తుంది, పెట్రోలు దిగుతుంది. దానికి తోడు రివర్స్ గేరు మొదటి గేరు కంటే ఎక్కువ బలంగా లాగేది. కాబట్టి మన శ్రీశైలం ఘాట్ లాంటి చోట మోడల్ టి డ్రైవరు మెడ వెనక్కి తిప్పుకుని మలుపులు ఎక్కాల్సిందే. 1926 మోడళ్లలో చాలావాటికి ట్యాంకును అద్దం ముందుకి, ఇంజన్ కంటే ఎత్తుకి మార్చాక ఆ అవసరం చాలావరకు తీరింది.